షీటు చెప్పిన నెలసరి

మా జీడిమెట్లలో మందుల కంపెనీలకు కొదవ లేదు. ప్యాకింగ్ పనికి పోయే ఆడవాళ్ల చేతుల మీదుగా రోజూ ఎన్ని మాత్రలు పోతాయో! పిల్లలు కాకుండా తాము మింగే గోళీ సంగతి మాత్రం పక్కనున్న మనిషితో కూడా గుసగుసే. అది ఆపేశాక డేట్ తప్పితే వినపడేవి రెండే మాటలు: "ఏమన్నా విశేషమా?" లేదంటే "ఆ గోళీలు మింగినవ్ గదా, ఇగ పిల్లలు కారు". రెండూ తొందరపాటు మాటలే.

గోడ మీది తెలుగు కాలెండర్‌లో నెలసరి వచ్చిన తేదీ పక్కన పెన్నుతో చుక్క పెట్టుకోవడం అమ్మ నుంచి నాకొచ్చిన అలవాటు. మాత్రలు వాడినన్నాళ్లూ చుక్కలు తప్పకుండా పడేవి. ఆ క్రమమంతా మాత్రల షీటు చలవే. సర్కారు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ చూడండి: 28 మాత్రల్లో 21 హార్మోన్‌వి, చివరి 7 ఐరన్‌వి. ఆ చివరి వారం హార్మోన్ అందక రక్తస్రావమవుతుంది. అది అసలు నెలసరి కాదు. ఆపాక అండాశయాలు తమంతట తాము పని అందుకోవాలి. కొందరికి నెలలో కుదురుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. మొదటినుంచీ లెక్క తప్పే ఒళ్లయితే, మాత్ర ఇన్నాళ్లూ కప్పి ఉంచిన తీరు మళ్లీ బయటపడుతుంది. అంతేగాని, మాత్ర గర్భసంచిని పాడుచేయదు.

అలాగని డేట్ రాలేదు కాబట్టి గర్భం రాదనుకోవద్దు. మొదటి నెలసరికి ముందే అండం విడుదల కావచ్చు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఆపిన రోజు నుంచే వేరే జాగ్రత్త పడాలి. కావాలనుకుంటే నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. అనుమానముంటే, కలిసిన మూడు వారాలకు పొద్దుటి మూత్రం కొన్ని చుక్కలు టెస్ట్ కార్డు మీద వేస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఆశా కార్యకర్తను అడిగితే 'నిశ్చయ్' కిట్ ఇస్తుంది. రెండు గీతలు పడితే డాక్టర్‌ని కలవండి. నెలసరి లెక్క కుదరనివాళ్లకు ఎన్నో వారమో స్కానింగే చెప్పాలి.

టెస్టులో ఏమీ లేక, మూడు నెలలైనా డేట్ రాకపోతే థైరాయిడ్, పీసీఓడీ పరీక్షలు చేయించుకోవాలి. కడుపులో విపరీతమైన నొప్పి వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మాత్ర ఆపిన తేదీని కూడా కాలెండర్‌లో రాసిపెట్టుకోండి. డాక్టరమ్మ తప్పకుండా అడుగుతుంది.