‘మైదానం’లో రాజేశ్వరి: ఆత్మవిశ్వాసం ఎక్కడ మొదలయింది?

చలం ‘మైదానం’ (1927) గురించిన చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతూ వచ్చింది: రాజేశ్వరి చేసింది తప్పా, ఒప్పా? ఈ తీర్పు తొందరలో ఆ పాత్ర ఎలా ఎదిగిందన్న పరిశీలన వెనకబడింది. ప్లీడరు భర్తను విడిచి అమీర్ వెంట వెళ్ళిననాడే ఆమె స్వతంత్రురాలయిందని మెచ్చుకొనేవారూ, ఆనాడే పతనమయిందని నిందించేవారూ ఒక్క విషయంలో ఏకీభవిస్తారు. ఆమె జీవితంలో కీలకమైన రోజు అదేనని. మేము అలా అనుకోవటం లేదు.

ఆ రోజు ఆమెను నడిపించింది ఆత్మవిశ్వాసం కాదు, ఆకర్షణ. మైదానం చేరాక కూడా ఆమె ఇష్టం అమీర్ ఇష్టంలో కలిసిపోయే ఉంటుంది. తిరిగి రమ్మన్న బంధువుతో ఆమె దీటుగా వాదిస్తుంది, నిజమే. కాని ఆ వాదనకు అమీర్ ప్రేమే ఆధారం. అతడు మరొక పిల్ల మీద మనసుపడితే, ఆ పిల్ల అతనికి దక్కేందుకు తానే పూనుకొంటుంది. అసూయను గెలిచిన ప్రేమగా దీన్ని వ్యాఖ్యానించవచ్చు. మాకు మాత్రం కుష్ఠురోగి భర్తను వేశ్య ఇంటికి మోసుకొని బయలుదేరిన సుమతి కథ గుర్తుకు వస్తుంది. పురుషుడు మారాడు గాని మోత మారలేదు. చలం పురాణ పతివ్రతలను ఎంత దుయ్యబట్టినా, ఈ ఘట్టంలో వారి నీడ నుంచి తన నాయికను పూర్తిగా తప్పించలేకపోయాడు.

మార్పు వచ్చేది ఆమె గర్భవతి అయినప్పుడు. బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుంచి వచ్చిన మన విద్యార్థులు ఈ ఘట్టం చదివేటప్పుడు ఒకసారి విదురాశ్వత్థాన్ని తలచుకోవాలి. అక్కడ వరసలు తీరిన నాగశిలల్లో ఎన్నో సంతానం కోరి ప్రతిష్ఠించినవి. వాటి వెనక భక్తి ఉంది. బిడ్డ లేని కోడలిని లోకం అన్న మాటలూ ఉన్నాయి. మైదానంలో ఒత్తిడి తలకిందులయింది. అమీర్‌కు బిడ్డ అక్కరలేదు, గర్భం తీయించుకోమంటాడు. కావాలన్నా, వద్దన్నా, ఆ మాట ఆమెది కాదు. ఇక్కడ రాజేశ్వరి మొదటిసారి అమీర్‌కు ఎదురు నిలిచి కాదంటుంది. అతడు వెళ్ళిపోతాడు.

భర్తను విడిచిననాడు ఆమెకు తోడు ఉన్నాడు. ఈనాడు పుట్టిల్లు లేదు, కులం లేదు, ఎవరికోసం అవన్నీ వదులుకొందో అతడూ లేడు. మా దృష్టిలో నవలకు ఇరుసు ఇదే. త్రివేణి ‘శరపంజర’ కన్నడంలో చదివినవారు ఆ నాయిక కావేరిని దీనితో పోల్చి చూడవచ్చు. జబ్బు నయమై ఇల్లు చేరిన కావేరిని ఇంటివారి అనుమానమే మళ్ళీ కూల్చివేస్తుంది. తన మీద తనకున్న నమ్మకం నిలవటానికి పక్కవారి నమ్మకం ఆమెకు కావలసి వచ్చింది. రాజేశ్వరికి ఆ నమ్మకం పక్కన ఎవరూ లేనప్పుడే కలిగింది.

కథనం కూడా దీనికి తగినట్లే ఉంది. జరిగినదంతా జరిగాక రాజేశ్వరి తన కథను తానే చెబుతుంది. మొదలుపెట్టడమే ‘లేచిపోయింది’ అనే మాట మీద అసహ్యంతో మొదలుపెడుతుంది. (కన్నడంలో ఇటువంటి స్త్రీని ‘ఓడిహోదళు’ అంటారు, అంటే పారిపోయిందని. తెలుగు నిందలో పరుగు లేదు, లేవటం ఉంది. రెండు భాషల మధ్య పెరిగిన మన చెవికి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.) భర్తకు ఈ నవలలో తన పక్షం చెప్పుకొనే అవకాశం లేదు. ఇది ఏకపక్షమనే ఆక్షేపణ న్యాయమైనదే. అయితే భర్త పక్షం వినిపించే వ్యవస్థలు బయట చాలా ఉన్నాయి.

చిక్కంతా ముగింపుతోనే. మీరా మీద ప్రేమ, అమీర్ అసూయ, చివరకు అమీర్ ఆత్మహత్య. రాజేశ్వరి ఆ చావును హత్యగా చెప్పి, నేరం తన మీద వేసుకొంటుంది. లోకం ఏమంటుందో అన్న భయం లేనివారే చేయగల పని ఇది. కాని బిడ్డ విషయంలో తన కోసం నిలబడిన స్త్రీ, ఇక్కడ మళ్ళీ ఒక పురుషుని కోసం తనను తాను చెల్లించుకొంటున్నది. ఇది ఆత్మవిశ్వాసానికి పరాకాష్ఠా, లేక సుమతి మోత మళ్ళీ భుజానికెక్కటమా? మేము రెండో అర్థం వైపే మొగ్గుతున్నాము. మొదటిదాన్ని సమర్థించదలచిన విద్యార్థి, గర్భం ఘట్టాన్నీ ముగింపునూ పక్కపక్కన పెట్టి చదివి, ఆమె గొంతులో తేడా ఎక్కడ ఉన్నదో చూపించవలసి ఉంటుంది.