గడ్డిమేటు వెనక

మంగళవారం రాత్రి పదకొండు దాటాక మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద టార్చి వెలుతురు కనిపించింది. కింది వాటాలో ఉండే టీచరమ్మాయి, ఆమె కొడుకు ఒక్కో అంతస్తూ దిగుతూ "పండూ... పండూ..." అని పిలుస్తున్నారు. పండు వాళ్ళ పిల్లి. 14 ఏళ్ళది. మన లెక్కలో డెబ్బై దాటిన వయసు. రెండు రోజులుగా తిండి ముట్టలేదట. ఆ సాయంత్రం నుంచి ఎక్కడా కనబడలేదట.

"వెతక్కమ్మా. పిల్లి పోయే ముందు ఇంట్లో ఉండదు. వేళ చూసుకుని అదే వెళ్ళిపోయింది" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఆంటీ, మీ దగ్గర ఇంకో టార్చి ఉందా?" అందా అమ్మాయి.

ఇచ్చాను. ఇచ్చి లోపలికొచ్చాక చాలాసేపు చిరాకుగా ఉంది. పోయే ప్రాణాన్ని కూడా దాని దారిన పోనివ్వరేమా అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక దొరికింది. సెల్లారులో నీళ్ళ మోటారు వెనక, గోడ మూలకి ఒదిగి కూచుందట.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి నా మాట ఎక్కడిదో తెలుసు. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అనే నానుడి మీద రాసినప్పుడు, ఆ నమ్ముకున్న ఇంటికి పిల్లి తన చావు మైల అంటనివ్వదని రాశాను. ఆ వాక్యం బాగుందని ఎందరో ఉత్తరాలు రాశారు. చివరి రోజుల్లో మనిషిని ఐసీయూలో పెట్టి అద్దంలోంచి చూడటం గురించి నా బాధ కూడా మీకు కొత్త కాదు. ఆ రెండూ కలిపి ఈ వారం మళ్ళీ రాద్దామని కూచున్నాను. పిల్లి మనకంటే నయం, తన చోటు తనే ఎంచుకుంటుంది అని మొదలుపెట్టాను. రెండు పేరాలయ్యాక అమ్మమ్మ గుర్తొచ్చింది. రాసిన కాగితాలు పక్కన పెట్టేశాను.

అమ్మమ్మగారిది కోనసీమలో కాలవ గట్టున ఊరు. వాళ్ళింటి పిల్లి పేరు బూడిద. రంగూ అదే. ముద్దు కోసం పెంచుకున్న పిల్లి కాదు. ధాన్యం పురి చుట్టూ ఎలకలు చేరకుండా ఉంచుకున్న పిల్లి. అయినా పొద్దున్నే దాని చిప్పలో పాలు పొయ్యకుండా అమ్మమ్మ కవ్వం పట్టేది కాదు. మేం పిల్లలం దాని తోక లాగితే, "పిల్లి చస్తే బంగారు పిల్లిని చేయించి కాశీలో వదలాలి, మీ నాన్న దగ్గరుందా అంత బంగారం?" అని గదమాయించేది.

ఆ ఏడు సంక్రాంతి సెలవులకి వెళ్ళేసరికి బూడిద బాగా చిక్కిపోయి ఉంది. వీపు నిమిరితే వెన్నుపూసలు పూసల దండలా చేతికి తగిలాయి. పొద్దస్తమానం నాకి నాకి నున్నగా ఉంచుకునే బొచ్చు అట్టలు కట్టింది. కుడితి గోలెం పక్కన నీళ్ళ తొట్టి ఉండేది. దాని అంచున కూచుని, గడ్డం నీళ్ళకి ఆనేంతగా వంచి, తాగకుండా అలాగే చూస్తూ ఉండేది. దగ్గరికెళితే నోట్లోంచి ఘాటైన కంపు వచ్చేది. భోగి నాడు చలిమంట చుట్టూ అందరం ఉన్నాం, బూడిద లేదు. సాయంత్రానికీ రాలేదు.

"పిల్లి కదే. పోయే ముందు ఇల్లొదిలి పోతుంది" అన్నాడు తాతయ్య. అరవై ఏళ్ళుగా నేను మోసుకొస్తున్న మాట అది. ఆ తర్వాత అమ్మమ్మ చేసిన పనిని మాత్రం దాని వెనకే పడేసి మరిచిపోయాను.

అమ్మమ్మ ఏమీ మాట్లాడకుండా లాంతరు వెలిగించుకుని బయల్దేరింది. వెనకే నేను. సావిట్లో గేదెల గాడి కింద చూసింది. కట్టెల అటక మీదికి లాంతరెత్తి చూసింది. కొబ్బరి డొక్కల గుట్ట చుట్టూ తిరిగింది. చివరికి పెరట్లో గడ్డిమేటు వెనక, మేటుకీ దడికీ మధ్య జానెడు సందులో కనిపించింది. నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని, తల భుజాల కంటే కిందికి వాల్చి కూచుంది. లాంతరు వెలుగు మొహాన పడ్డా కళ్ళు పూర్తిగా విప్పలేదు.

ఎత్తుకుందామని చెయ్యి చాపాను. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ముట్టుకోకే. దానికి లేచే ఓపిక లేదు. మనమే ఇక్కడికొద్దాం."

ముందు గోనె సంచి మడత పెట్టి దాని పక్కకి నెట్టింది. కొబ్బరి చిప్పతో నీళ్ళు పెట్టింది. మంచు పడకుండా పైన రెండు తాటాకులు వాల్చి, కుక్కలు దూరకుండా సందుకి బుట్ట అడ్డం పెట్టింది. మర్నాడు పెద్దపండగ. ఇంటినిండా చుట్టాలు, పొయ్యి మీద అరిసెల పాకం. అంత పనిలోనూ పూటపూటకీ వెళ్ళేది. గుడ్డ తడిపి దాని మూతి తుడిచేది, తడిసిపోయిన వెనక కాళ్ళు తుడిచేది. గోనె మార్చేది. "ఏమే, రాత్రి చలేసిందా?" అని అడిగేది. కనుమ నాడు బూడిద నీళ్ళు కూడా మానేసింది. అరికాళ్ళు చల్లగా అయిపోయాయి. ఊపిరి ఒకటి తీసుకుని, ఇంకోటి తీసుకోవడానికి ఆగేది. ముక్కనుమ తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మమ్మ పక్క ఖాళీగా ఉంది. పెరట్లోకి వెళ్ళాను. మంచులో కొంగు తల మీదుగా కప్పుకుని గడ్డిమేటు వెనక కూచుని ఉంది. ఆవిడ చెయ్యి బూడిద మీద ఉంది. తెల్లారాక కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాం.

పోయే ముందు పిల్లి ఇల్లొదిలి పోతుందన్న తాతయ్య మాటని ఇప్పుడు నిదానంగా ఆలోచిస్తే నిలబడటం లేదు. ఫ్లాట్‌లోనే పుట్టి, గడప దాటని పిల్లి కూడా జబ్బు ముదిరితే మంచం కిందికి దూరుతుంది, బీరువా వెనక్కి చేరుతుంది. వెళ్ళిపోవాలన్నదే దాని ఉద్దేశమైతే గుమ్మం దగ్గర కూచోవాలి కదా. అది వెళ్ళడం కాదు, దాక్కోవడం. మన పిల్లుల మూలపురుషుడు ఆఫ్రికా అడవిపిల్లి. ఒంటరిగా వేటాడే చిన్న జంతువు. ఎలకని అది తింటే, దాన్ని తినే పెద్ద జంతువులున్నాయి. నీరసపడినట్టు పైకి కనబడితే బతకదు. మంచం మీద పడుకునే పిల్లిలో కూడా ఆ భయం అలాగే ఉంది. ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరి కంటా పడని ఇరుకు చోటు వెతుక్కుంటుంది. కొన్ని పిల్లులు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఎన్నడూ ఒళ్ళో కూచోనివి కూడా చివర్లో మనిషిని వదలవు.

బూడిదకి వచ్చింది మూత్రపిండాల జబ్బే అయి ఉండాలి. ముసలి పిల్లుల్లో తరచుగా వచ్చే జబ్బు. దాహం, బరువు తగ్గడం మన కంటికి కనిపించే వేళకి మూత్రపిండాల పని మూడింట రెండు వంతులు పోయి ఉంటుంది. రక్తంలో మలినాలు పేరుకోవడం వల్లే నోటి కంపు, వాంతులు, తిండి మీద విముఖత. పిల్లి ఒంటి వేడి మామూలుగా 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకి జ్వరమనిపించే వేడి. చివర్లో అది పడిపోతుంది. అప్పుడు చెవులు, అరికాళ్ళు చల్లబడతాయి.

ఇన్నీ నాకు ఎప్పుడు తెలిశాయో చెప్పాలి. మా పిల్లి కాటుక ఈ కాలమ్‌కి పాత చుట్టమే. అది పోయిందని మూడేళ్ళ కిందట రాశాను. ఎలా పోయిందో రాయలేదు. చివరి వారం బాత్‌రూమ్ సింకు కింద చల్లటి బండ మీద పడుకుంది. చెయ్యి వేస్తే గురగురలాడేది. సుఖంగా ఉందనుకున్నాను. బాధ లేకుండా పోయేలా సూది వేయిద్దామని మా అబ్బాయి అంటే వద్దన్నాను. దాని లెక్కన అది వెళ్ళాలి అన్నాను. రెండు రాత్రులు గడిచాక ఇంటికొచ్చిన డాక్టరుగారు మోకాళ్ళ మీద కూచుని దాని మొహం చూపించారు. చెవులు పక్కలకి తిరిగాయి. కళ్ళు చికిలించింది. మూతి బిగిసింది. మీసాలు నిటారుగా ఉన్నాయి. తల భుజాల కిందికి వాలింది. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంవాళ్ళు పిల్లి నొప్పిని కొలవడానికి ఎంచిన గుర్తులు ఈ ఐదే. ఒక్కోదానికి రెండు మార్కులు, పదికి నాలుగో, అంతకు మించో వస్తే నొప్పికి మందివ్వాలి. నేను చూస్తుంటే ఐదూ ఉన్నాయి. గురగుర సంతోషానికే కాదనీ, దెబ్బ తగిలిన పిల్లీ, ఈనే పిల్లీ, పోయే పిల్లీ కూడా గురగురలాడతాయనీ ఆయన చెప్పారు. కళ్ళు తెరవని కూనలు తల్లి గురగురని ఒంటికి తగిలే అదురుగా గుర్తుపడతాయట. అలా మొదలైన చప్పుడు నొప్పిలో కూడా వస్తుంది. పారాసెటమాల్ ముక్క వేద్దామా అని ఒక దశలో అనుకున్నానని చెబితే ఆయన మొహం మారిపోయింది. ఆ మందుని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. ఈ వారం ఇంకేమీ గుర్తుంచుకోకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఆ సాయంత్రమే ముందు మత్తు, తర్వాత ప్రాణం పోయేంత మోతాదులో మందు ఇచ్చారు. నిమిషాల్లో కాటుక మీసాలు వదులయ్యాయి. సింకు కింద దాని రెండు రాత్రుల్ని నేను మర్యాద అని పిలిచాను. అవి నొప్పి.

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఆస్కర్ అని ఒక పిల్లి ఉండేది. 2007లో డేవిడ్ డోసా అనే డాక్టరు దాని గురించి పెద్ద వైద్య పత్రికలో రాశారు. ఎవరు పోబోతున్నారో వాళ్ళ మంచమెక్కి పక్కన ముడుచుకుని పడుకునేది. దానికెలా తెలిసేదని లోకమంతా అడిగింది. నాకు ఇంకోటి ముఖ్యంగా తోస్తుంది. అది ఎవరి చావునీ ఆపలేదు. వచ్చి పక్కన ఉంది. గడ్డిమేటు వెనక అమ్మమ్మ చేసిందీ అదే.

బుధవారం పండుకి పరీక్షలు చేయించారు. మూత్రపిండాలే. టీచరమ్మాయి దాన్ని తెచ్చి మంచం మీద పడుకోబెట్టలేదు. స్టోరు గదిలో అట్టపెట్టెకి ఒక పక్క కోసి, పాత నేత చీర పరిచి, అడుగు దూరంలో నీళ్ళు పెట్టింది. ఇసక తొట్టి అంచు కూడా ఎక్కలేదని పళ్ళెంలో ఇసక పోసింది. నొప్పికి మందు డాక్టరిచ్చారు. అది నిద్రపోతున్నప్పుడు కుర్రాడు దాని ఊపిరి లెక్కబెట్టి నోటుబుక్కులో రాస్తున్నాడు. నిమిషానికి 30 లోపు ఉండాలి. శుక్రవారం పండు లేచి గోరువెచ్చటి చేప ముక్క తింది. వాడు మూడంతస్తులూ పరిగెత్తుకొచ్చి చెప్పాడు. ఆరే దీపానికి వెలుగెక్కువ అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అనలేదు. వాళ్ళమ్మకి తెలుసు. అంకెలు పెరిగిన రోజు డాక్టరుని ఇంటికే పిలిపించాలని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది.

ఆ సాయంత్రం కిందికెళ్ళి స్టోరు గది నేల మీద కూచున్నాను.

"మామ్మగారూ, ఇది మళ్ళీ దాక్కుంటుందా?" అన్నాడు కుర్రాడు.

"దాక్కోవచ్చు నాన్నా. వెతుకుదాం" అన్నాను.

వచ్చేటప్పుడు వాళ్ళమ్మ నా టార్చి తిరిగిచ్చింది. అక్కడే ఉంచమన్నాను.