కట్టి చూస్తేనే తెలిసేది

పరిశోధన పత్రం చదివి మెచ్చుకోవడం తేలిక. అందులోని పనిముట్టు మన కంప్యూటర్లో నడుస్తుందా అన్నదే నా పట్టింపు. అందుకే ఈ వారం హైదరాబాద్ చంపాపేట్‌లో మా ఇంటి ల్యాప్‌టాప్ మీద ఐఆర్‌టువెక్ అనే పనిముట్టును సోర్స్ నుంచి బిల్డ్ చేశాను. ఊరికి అవతలివైపు, సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన పని ఇది. ఎస్. వెంకటకీర్తి, రామకృష్ణ ఉపద్రష్ట తదితరుల పత్రం 2020లో ఏసీఎం జర్నల్లో వచ్చింది.

మనం రాసిన ప్రోగ్రామును కంపైలర్ ముందు తనకు అనువైన మధ్యంతర రూపంలోకి మార్చుకుంటుంది. ఆ రూపాన్ని ఐఆర్‌టువెక్ 300 అంకెల వరుసగా చేస్తుంది. ఫలానా పని సీపీయూకి ఇవ్వాలా, జీపీయూకి ఇవ్వాలా అన్నది మెషీన్ లెర్నింగ్ మోడల్ ఆ అంకెలు చూసి చెబుతుంది.

ఐఆర్‌టువెక్ పనిచేసేది ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ మధ్యంతర రూపం మీద. కట్టేటప్పుడు చిక్కంతా ఆ ఎల్ఎల్‌వీఎంతోనే. 2000లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొదలైన ఈ కంపైలర్ లోపలి సీ ప్లస్ ప్లస్ ఇంటర్‌ఫేస్ వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారిపోతుంది. నిరుటి వెర్షన్ కోసం రాసిన కోడ్ ఈ ఏటిదానితో కంపైల్ కాకపోవచ్చు. కాబట్టి ముందు ఐఆర్‌టువెక్ రీడ్‌మీలో ఏ వెర్షన్ కావాలో చూసుకోవాలి. ఆ ఎల్ఎల్‌వీఎం ఎక్కడుందో, ఐగెన్ అనే గణిత లైబ్రరీ ఎక్కడుందో బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌కు చెప్పాలి. ఎల్ఎల్‌వీఎంని కూడా మనమే కట్టుకుంటే రిలీజ్ బిల్డ్ మేలు. డీబగ్ బిల్డ్ పదుల జీబీల డిస్క్ మింగుతుంది. కంపైలింగ్ సజావుగా సాగినా లింకింగ్ దగ్గర మెమరీ చాలక ఆగిపోవడం మామూలే. ఒకసారికి ఒకే లింక్ అని హద్దు పెడితే గట్టెక్కుతుంది. మధ్యలో కరెంటు పోయినా కంగారు అక్కర్లేదు, పూర్తయిన ఫైళ్లను వదిలి బిల్డ్‌ను నడిపే నింజా మిగిలినవే అందుకుంటుంది. ఎర్రర్లు స్క్రీన్ నిండా వచ్చినా చదవాల్సింది మొదటిదే. తక్కినవి చాలావరకు దాని వెనక బరాత్.

2025లో ఐఆర్‌టువెక్ ఎల్ఎల్‌వీఎం ప్రధాన కోడ్‌లో చేరింది. ఇకమీదట అక్కడ ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే దానికి తగ్గట్టు ఈ కోడ్‌నీ సవరించాలి. అంటే వెర్షన్ల వెంట పరుగెత్తే బరువు కందిలోని ఒక్క ల్యాబ్ మీదే ఉండదు. పత్రం పేరు తెస్తుంది గానీ, పనిముట్టును బతికించేది ముక్కూ మొహం తెలియనివాళ్లు దాన్ని కట్టుకోగలగడమే.

మన ఇంజినీరింగ్ కాలేజీలు ఫైనలియర్ ప్రాజెక్టులకూ ఇదే పరీక్ష పెట్టాలి. బైండు చేసిన రిపోర్టు పక్కన పెట్టి, వేరే బ్రాంచి విద్యార్థికి ఖాళీ కంప్యూటర్, రీడ్‌మీ ఇవ్వాలి. సాయంత్రానికి ప్రాజెక్టు నడిస్తేనే మార్కులు.