ఆయాసపడని వాయిద్యం

వీడియో గేమ్‌లో పైప్ ఆర్గన్ మోగిందంటే విలన్ కోట దగ్గరపడ్డట్టే. ఎల్లారెడ్డి నుంచి సెలవులకు కామారెడ్డి వచ్చే మా మేనల్లుడు అప్పుడు ఫోన్ గట్టిగా పట్టుకుంటాడు. "మామా, ఆర్గన్ వస్తుందంటే ముందుగాల్నే సేవ్ చేసుకోవాలె" అని వాడి సూత్రం.

ఈ ముద్ర వేసింది సినిమా. 1931 నాటి 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' మొదలయ్యేదే బాఖ్ టొకాటా అండ్ ఫ్యూగ్‌తో. గేమ్‌లు ఆ భయాన్ని అరువు తెచ్చుకున్నాయి. కొన్ని భయాన్ని వదిలేసి సంగీతాన్ని మాత్రమే తెచ్చుకున్నాయి. 1983లో కొనామీ తెచ్చిన 'గైరస్'లో అదే బాఖ్ రచన డ్రమ్ముల జోరు మీద పరుగెడుతుంటే, మనం అంతరిక్షంలో శత్రునౌకలను కాలుస్తుంటాం. కోటా లేదు, విలనూ లేడు.

భజనల్లో హార్మోనియం వాయించేవాణ్ణి కాబట్టి గేమ్‌లు ఆర్గన్‌ను ఎంచుకోవడానికి నాకు ఇంకో కారణం కనిపిస్తుంది. వీణ తీగ మీటగానే నాదం సన్నబడుతూ పోతుంది. ఆర్గన్ మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ఒకే నిండుతో పలుకుతుంది, అలసట లేదు. పాత చిప్‌లకు కావలసింది ఇదే. సూపర్ నింటెండోలో సంగీతానికి దక్కిన జాగా 64 కిలోబైట్లు, ఒకేసారి పలికే గొంతులు 8. అంత ఇరుకులో పియానో నాదం మోగి ఆరిపోయేదాకా దాచడం కష్టం. ఆర్గన్‌దైతే చిన్న ముక్క దాచి తిప్పితిప్పి వినిపిస్తే చాలు. చర్చిలోని ప్రతిధ్వనిని కూడా ఆ 64లోంచే కోసివ్వాలి. రాతిగోడలు ఊరికే ఇచ్చేదాన్ని చిప్ కొనుక్కోవాలి.

1994లో 'ఫైనల్ ఫాంటసీ 6' కోసం నొబువో ఉఎమాత్సు ఆ ఇరుకులోనే 'డాన్సింగ్ మ్యాడ్' కట్టాడు. కెఫ్కా అనే విలన్‌తో చివరి పోరు అంచెలంచెలుగా పైకి పోతుంది, అంచె మారినప్పుడల్లా సంగీతమూ మారుతుంది. గొప్పదే. అయినా నా ఓటు 1998 నాటి 'ఒకరినా ఆఫ్ టైమ్'కు. అందులో గానన్ బురుజు మెట్లెక్కుతుంటే ఆర్గన్ అంతకంతకూ దగ్గరవుతుంది. పైకి చేరాక చూస్తే వాయిస్తున్నది విలనే. ఆ శబ్దం ఎంత పెరగాలో మన అడుగులే నిర్ణయిస్తాయి. సినిమాకు ఆ వీలు లేదు.

గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది, ఆ వెలి మూడు దశాబ్దాలు సాగింది. ఆర్గన్‌దీ అదే లోపం. జారుడు లేని ఆ తిన్నని స్వరాలనే ఒకదాని వెంట ఒకటి తరిమించి బాఖ్ ఫ్యూగ్‌లు అల్లాడు.

వాటిలో ఒక ముక్క నా పెట్టె మీద ప్రయత్నించాను. ఆర్గన్ వాయించేవాడికి రెండు చేతులూ, రెండు పాదాలూ ఖాళీ. నాకు ఎడమచెయ్యి గాలి కొట్టడానికే సరి. ఫ్యూగ్‌లో నాలుగు గొంతులుంటే నా వంతుకు ఒకటీ అరా మిగిలాయి. కింది స్వరాన్ని మేనల్లుడి ఫోన్‌లోని శ్రుతిపెట్టెకు అప్పగించాం. అది ఒక్క స్వరం దగ్గరే ఆగిపోయింది, ఫ్యూగ్ కాస్తా భజన అయింది.