సున్నం వదిలిన ఇటుక

ఇటుకను ఎడమచేతిలో పట్టుకుని, పాత కొడవలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేస్తే చాలు. అంటుకుని ఉన్న సున్నం బిళ్లగా ఊడి ఒళ్లో పడుతుంది. మిగిలిన పొడిని కొబ్బరి పీచుతో రుద్దితే లోపలి ఎరుపు బయటపడుతుంది. చంద్రగిరిలో మా తాత కట్టిన ఇంటిని విప్పిన తర్వాత రెండు నెలల పాటు పొద్దున్నే నేనూ అమ్మా వేపచెట్టు కింద కూర్చుని చేసిన పని ఇదే. ఆదివారాలు పిల్లలు కూడా కలిసేవాళ్లు. ఒక ఇటుక మీద మేకపిల్ల గిట్ట ముద్ర కనిపించింది. పచ్చి ఇటుకలు ఎండలో ఆరబెట్టినప్పుడు ఏ మేకో వాటి మీదుగా నడిచిపోయి ఉంటుంది. ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి మేక అది. మా చిన్నది ఆ ఇటుకను తన మంచం పక్క గోడలో, గిట్ట బయటికి కనిపించేలా పెట్టించుకుంది.

'ఇల్లు విప్పడం' అని కావాలనే రాశాను. మొదట మేమూ 'పడగొట్టడం' అనే అన్నాం. పొక్లెయిన్ తెస్తే ఒక్క పూటలో అయిపోతుందని, శిథిలాలు వాళ్లే ఎత్తుకుపోతారని బేరం కూడా కుదిరింది. పాత మేస్త్రీ ఒకాయన వచ్చి చూశాడు. తలుపు పక్కన గార ఊడిన చోట తాపీ మొన పెట్టి కదిపితే ఇటుక పన్నులా ఊగి చేతిలోకి వచ్చేసింది. "ఇది సున్నం కట్టుబడి మ్మా. పగలగొట్టే పని లేదు, వరసన తీసుకుంటా పోతే వచ్చేస్తాది" అన్నాడు. బేరం అక్కడే రద్దయింది.

ఆ ఇంట్లోనే వంటగది మాత్రం వేరు. పదిహేనేళ్ల కిందట నాయన దాన్ని సిమెంటుతో తిరిగి కట్టించాడు. అప్పుడు అందరూ చేసిన పనే అది. ఆ గోడ విప్పబోతే ఒక్క ఇటుకా సవ్యంగా రాలేదు. సుత్తి దెబ్బకు సిమెంటు చెక్కుచెదరలేదు, ఇటుకే ముక్కలైంది. ఎందుకని అడిగితే మేస్త్రీ ఒక్క ముక్కలో చెప్పాడు: సిమెంటు ఇటుక కన్నా గట్టిది, సున్నం ఇటుక కన్నా మెత్తది. గోడ కదిలినప్పుడు బీట సున్నం ఉన్న అతుకులోకి పోతుంది, ఇటుక దక్కుతుంది. సిమెంటు గోడలో ఆ బీట ఇటుకను చీల్చుకుంటూ పోతుంది. అరవై డెబ్బై ఏళ్లు దాటిన గోడలు కొత్తింటికి ఇటుకలిచ్చాయి. పదిహేనేళ్ల గోడ రెండు ట్రాక్టర్ల రద్దు ఇచ్చింది. కొత్తిల్లు సున్నంతోనే కట్టాలని నేను ఆ రద్దు కుప్ప ముందు నిలబడే నిర్ణయించుకున్నాను.

ఇంతకీ ఇల్లు మారడమెందుకు? తిరుపతిలో మూడో అంతస్తు ఫ్లాటులో పదకొండేళ్లు ఉన్నాం. వేసవిలో రెండు ఏసీలు ఆపకుండా తిరిగేవి. అల్మరాల నిండా వాడని వస్తువులు ఉండేవి. పిల్లలకు మట్టి అంటే ఉతకాల్సిన మరక. నాయన పోయాక అమ్మ ఇక్కడ ఒంటరిదైంది. కారణాలు ఇవే, ఇంటింటా ఉన్నవే. చుట్టాలు మాత్రం "టౌన్లో సుఖంగా ఉన్నోళ్లు వెనక్కి పోతారా" అని నిజంగానే బాధపడ్డారు.

2021 నవంబరు కూడా ఒక కారణం. ఆ వానలకు స్వర్ణముఖి ఎలా పొంగిందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా ఇల్లు ఏటికి దూరం, వరద రాలేదు. కానీ ముందుగది గోడ పక్కన పడుకున్న అమ్మకు అర్ధరాత్రి ధబ్బుమని చప్పుడు వినిపించింది. పాత సున్నం గోడ మీద కొన్నేళ్ల కిందట వేయించిన సిమెంటు గార మంచమంత మేర ఊడిపడింది. దాని వెనక ఇటుక తడిసి, పిండిలా రాలుతోంది. సున్నం గోడ వానకు తడిసినా ఎండ కాయగానే ఆ చెమ్మను ఆవిరిగా బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ ఆవిరికి దారి ఉండదు. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరి, ఇటుకను తినేస్తుంది. గోడ గట్టిపడాలని మేము డబ్బు పెట్టి చేయించిన పనే గోడను కుళ్లబెట్టింది. ఆ రాత్రి అమ్మ మంచం అర గజం ఇటు ఉంది కాబట్టి సరిపోయింది.

ఇల్లు మొదలుపెట్టే ముందు పిల్లల్ని తీసుకుని కోటలోకి వెళ్లాను. పుట్టిన ఊళ్లోని రాజమహలును అంతవరకూ చుట్టాలు వస్తే చూపించే చోటుగానే చూశాను. ఆ రోజు గోడలు చూశాను. మూడంతస్తుల మహలు. రాయి, ఇటుక, సున్నం తప్ప మరొకటి లేదు. కొయ్య దూలం ఒక్కటీ వాడలేదు. బరువంతా కమానుల మీదా గుమ్మటాల మీదా నిలిచింది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత అరవీటి రాజులు రాజధానిని పెనుకొండకు, అక్కణ్నించి చంద్రగిరికి మార్చుకున్నారు. చిన్నప్పుడు బళ్లో బట్టీపట్టిన ఆ పాఠం ఆ రోజు వేరుగా వినిపించింది. వాళ్లూ ఇల్లు మారినవాళ్లే గదా అనుకున్నాను. చెన్నపట్నం స్థలాన్ని 1639లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన దస్తావేజు ఈ మహలులోనే ఖరారైందని ఊళ్లో చెప్పుకుంటారు. ఇప్పుడు అది పురావస్తు శాఖ మ్యూజియం. ఆ శాఖ పాత కట్టడాల మరమ్మతుకు ఈనాటికీ సున్నాన్నే వాడుతుంది. సున్నం ఆగుతుందా అని అప్పటిదాకా మా ఆయనకు ఒక సందేహం ఉండేది. మహలు నీడలో కాసేపు కూర్చున్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక అసలు పని. రాయిసున్నం గుంతలో ఉడికించే రోజు పిల్లల్ని అవతలి వీధికి పంపేశాం. ముందు నీళ్లు పెట్టి, అందులో సున్నపురాళ్లు కొద్దికొద్దిగా వదలాలి. రాళ్ల మీద నీళ్లు పోయకూడదు, కళ్లలోకి చిమ్ముతుంది. రాయి పడిన కాసేపటికి గుంత బుసకొట్టడం మొదలైంది. పొయ్యి లేదు, నిప్పు లేదు, నీళ్లు సలసలా కాగుతున్నాయి. ఒడ్డున నిలబడ్డ నా మొహానికి సెగ కొట్టింది. బట్టీలో రాయి తాగిన వేడిలో కొంత అలా బయటికొస్తుంది. అది చల్లారాక మీగడలాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని వడగట్టి, పైన నీళ్లు నిలిపి, నెల రోజులు కదపకుండా వదిలేయాలి. ఉడకని బెడ్డ ఒక్కటి గోడలోకి పోయినా తర్వాత ఎప్పుడో తడి తగిలి ఉబ్బుతుంది, గార మీద బొబ్బలా లేస్తుంది. అందుకే ఆ నెల.

ఈ నెల రోజుల్లో పెరట్లో మరో వాసన మొదలైంది. కరక్కాయలు చితక్కొట్టి, బానలో నీళ్లు పోసి, చిత్తూరు బెల్లం కలిపి నానబెట్టాం. మూడో రోజుకు పుల్లటి వాసన. వారానికి పైన నురగ. మేస్త్రీ పొద్దున వచ్చి వేలు ముంచి నాలుకకు తాకించుకునేవాడు. "ఇంకా రెండు దినాలు" అనేవాడు. ఆ రెండు దినాలు అయ్యాక మళ్లీ అదే మాట. బెల్లంలోని చక్కెర వల్ల సున్నం నీళ్లలో ఎక్కువగా కరుగుతుందని రసాయన శాస్త్రం చదువుకున్న మా తమ్ముడు చెప్పాడు. మేస్త్రీకి ఆ మాట చెబితే తలూపి, "అవునప్పా, తీపి పడితేనే అది పట్టు పడతాది" అన్నాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే అని నాకు అనిపించింది.

డంగు సున్నం అనే మాట ఈ తరానికి తెలియకపోవచ్చు. గుండ్రటి రాతి కాలువలో సున్నం, ఇసుక వేసి, ఎద్దులు తిప్పే రాతి చక్రంతో నూరేవాళ్లు. ఆ చక్రం కాడి మీద కూర్చుని పిల్లలం గిరగిరా తిరిగేవాళ్లమని అమ్మ చెబుతుంది. ఇప్పుడు ఆ డంగు లేదు, ఎద్దులూ లేవు. మేము మోటారుతో తిరిగే చక్రాల మర అద్దెకు తెచ్చాం. మర ఏదైనా పరీక్ష మాత్రం పాతదే: తాపీ మీద ముద్ద తీసుకుని బోర్లించాలి, జారకూడదు. మొదటి రోజు నాలుగు సార్లు జారింది. నాలుగు సార్లూ మళ్లీ మరలోకే.

తొందరపడింది నేను. బడులు తెరిచేలోగా గృహప్రవేశం అయిపోవాలని మే నెలలో పడమటి గోడకు గార వేయించాను. మేస్త్రీ వద్దన్నాడు. గోనెపట్టాలు కప్పి రోజూ తడపమన్నాడు. రెండు రోజులు తడిపి, మూడో రోజు పెళ్లికి వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి గోడంతా ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. ఆ మార్పు జరగాలంటే లోపల కాస్త తడి ఉండాలి. ఒక్కసారిగా ఆరిపోతే రాయి కాదు, పొడి అవుతుంది. మేస్త్రీ నన్ను ఒక్క మాట అనలేదు. గార మొత్తం గీకి కిందేశాడు. ఆ పొడిని జల్లించి మళ్లీ ఇసుకలో కలిపాడు. అదీ వృథా కాలేదు. వానలు పడ్డాక, పిల్లలు బడికి తిరుపతి నుంచే వెళ్తుండగా, ఆ గోడ రెండోసారి పూశాం.

కేరళలో ఎన్నో ఇళ్లు కట్టిన లారీ బేకర్‌కు గాంధీజీ ఒక మాట చెప్పారంటారు: ఇంటికి కావలసిన సామాను ఐదు మైళ్లలోపల దొరకాలని. బేకర్ తన సొంత ఇంటిని కూడా పాత ఇళ్ల తలుపులు, కిటికీలు ఏరి తెచ్చి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కట్టుకున్నాడు. ఐదు మైళ్ల కొలతతో మా ఇంటిని కొలిచి చూశాను. ఇటుకలు, పునాది రాళ్లు, టేకు దూలాలు, తలుపులు అన్నీ పాత ఇంటివే, సున్నా మైళ్లు. సున్నం దగ్గర మాత్రం ఓడిపోయాం. అది పల్నాడులోని పిడుగురాళ్ల నుంచి, మూడు వందల కిలోమీటర్లు దాటి, లారీలో వచ్చింది. స్నానాల గదికీ నీళ్ల ట్యాంకు కిందికీ సిమెంటు వాడక తప్పలేదు. ఇది నాకు ఇప్పటికీ కొరతే, దాచుకోను.

సున్నమూ సున్నపురాయిని కాల్చితేనే వస్తుంది. ఆ పొగా పొగే. అయితే సున్నానికి 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటు బట్టీకి 1,450 డిగ్రీలు కావాలి. కాలినప్పుడు రాయిలోంచి వెళ్లిపోయిన వాయువులో మంచి భాగాన్ని సున్నం గోడ ఏళ్ల మీద మళ్లీ పీల్చుకుంటుంది. ప్రపంచం మొత్తం వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు వల్లనే అన్న లెక్క తెలిశాక, సిమెంటు అక్కర్లేని చోట కూడా అలవాటు కొద్దీ ఎంత పోస్తున్నామో చూస్తే నాకు దిగులేస్తుంది. వంతెనకు కావాలి, ఆనకట్టకు కావాలి. రెండు గదుల ఇంటి లోపలి గోడకు ఎందుకు?

ఖర్చు తగ్గిందా అని అడిగేవాళ్లకు నిజమే చెబుతున్నాను: తగ్గలేదు. సామాను ఖర్చు సగానికి పైగా మిగిలింది, అదంతా కూలికి పోయింది. పది నెలలు పట్టింది. ఆ డబ్బు ఫ్యాక్టరీకి కాకుండా మా ఊరి చేతుల్లోకి వెళ్లింది కాబట్టి నాకు దాని మీద చింత లేదు. మేస్త్రీ దగ్గర పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు అంతకు ముందు సున్నం ముట్టనివాళ్లు. ఇప్పుడు తాపీ బోర్లించి చూపిస్తున్నారు. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే.

ఇంట్లో చేరి ఇది రెండో ఏడు. మధ్యాహ్నం బయట రోడ్డు మీద అడుగు పెట్టలేని ఎండలో కూడా ముందుగది గోడకు చెంప ఆనిస్తే చల్లగా ఉంటుంది. ఏసీలు ఫ్లాటులోనే వదిలేసి వచ్చాం. అల్మరాలు మూడింట్లో ఒకటే పట్టింది, మిగతా రెండింట్లోని సామాను ఏమిటో ఇప్పుడు గుర్తుకూడా లేదు. వంటింటి నీళ్లు అరటి పాదుకు పోతాయి. వాన పడిన మర్నాడు గోడల నుంచి ఒక మట్టి వాసన వస్తుంది, అది తాత ఇంటి వాసనే అని అమ్మ అంటుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

సున్నం ఇంటికి పని ఎప్పుడూ ఉంటుంది. మూలల్లో గార పెచ్చు లేస్తే నేనే ఇంత ముద్ద కలుపుకుని పూస్తాను. పండక్కి వెల్ల మేమే వేసుకుంటాం. గుంతలో ఇంకా రెండు బానల సున్నం ఉంది. పైన నీళ్లు నిలిచి ఉంటే ఏళ్లకేళ్లు చెడదు, నిలవ ఉన్నకొద్దీ మెత్తబడుతుంది. ఈ వారం ఎండలకు ఆ నీళ్లు అడుగంటాయని పొద్దున్నుంచి అమ్మ రెండుసార్లు చెప్పింది. వెళ్లి ఒక నాలుగు బిందెలు పోసి రావాలి.