పారకు సెలవిచ్చే నెలలు

కార్తీకంలో ముసురు పట్టి వదిలాక మా తెనాలి వైపు పెరళ్లలో ఒకటే తొందర. ఎండ మొహం చూపించిన మర్నాడే పార పట్టుకుని దిగిపోతారు. పైన నేల తెల్లబడి ఉంటుంది, జానెడు లోపల ఇంకా జిగటే. వంగ, టమాటా, క్యాబేజీ నారు ఎదిగి కూర్చుంది, ఆలస్యమైతే చలికాలం పంట చెయ్యి జారుతుందని భయం. ఆ భయం నాకూ తెలుసు. కానీ నల్లరేగడిని తడి మీద ఒక్క పూట తవ్వితే ఆ కాలమంతా అనుభవించాలి.

కృష్ణా డెల్టా నేల తీరు అలాంటిది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా సన్నం. రేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుని నెర్రెలిస్తుంది. ఆ రేణువులు చిన్న చిన్న గుళికలుగా కట్టుకుని, గుళికల మధ్య సందులు మిగిలితేనే వేరుకు గాలి. తడిలో పార వేసినా, మనిషి తిరిగినా ఆ సందులు పూడిపోతాయి. పార కోసిన చోట మట్టి నున్నగా మెరుస్తోందంటే ఆ పని జరిగిపోయిందన్నమాట. ఎండాక అదే పెంకు కడుతుంది.

ఇదే పని వరి మడిలో మనం కోరి చేస్తాం. దమ్ము చేయడమంటే మట్టి గుళికల్ని నీళ్లలో చితక్కొట్టి, తడి కిందకి దిగకుండా అడ్డం వేయడమే. వరికి అది హాయి. దాని కాండంలో గాలి గొట్టాలున్నాయి, ఆకుల నుంచి వేరు దాకా గాలి దిగుతుంది. మాగాణిలో వరి దుబ్బు పీకి చూస్తే వేళ్ల చుట్టూ తుప్పురంగు పూత కనిపిస్తుంది. వేరు వదిలిన గాలి తగిలి మట్టిలోని ఇనుము అలా మారుతుంది. వంగకీ మిరపకీ ఆ ఏర్పాటు లేదు. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. సందుల్లో నీళ్లు నిలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే ఉన్న కాస్త ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటు మీద పడతాయి, మనం వేసిన నత్రజని గాలిలో కలిసిపోతుంది. ఇంకా నిలిస్తే కుళ్లిన గుడ్డు వాసన. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి కాళ్ల కింద తడి ఉండగానే మొక్క మధ్యాహ్నానికి వడలిపోతుంది. చూసినవాళ్లు గుప్పెడు యూరియా చల్లుతారు. అది తీసుకునే వేరెక్కడిది? నీరు తీసేశాక, లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే కాస్త అందుతుంది. బొప్పాయి మాత్రం రెండు రోజులు మొదట్లో నీళ్లు నిలిస్తే దక్కడం కష్టం.

తడి నేలను కదపకుండా పంట తీయడం మన రైతులకు కొత్తేం కాదు. మాగాణి మినుము చూడండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, ఆ బురద పదునులో విత్తనం చల్లేస్తారు. దుక్కి లేదు, తడి పెట్టేది లేదు. మిగిలిన చెమ్మతో, మంచుతో మినుము పండుతుంది. వ్యవసాయంలో ఇంత తెలివైన పని ఇంకొకటి ఉందా అనిపిస్తుంది నాకు. పొలంలో ఇంత ఓర్పు తెలిసిన ఇళ్లవాళ్లే పెరట్లోకి వచ్చేసరికి గునపం తీస్తారు.

మొన్న పక్కింటి కోడలు గోడ మీంచి అడిగింది: "పిన్నిగారూ, ఎండ వచ్చిందిగా, మనిషిని పిలిచి తవ్వించేయమంటారా?"

"తవ్వకం వద్దమ్మాయ్, ముందు గాడి తీయించు. నీళ్లు బయటికి పోనీ."

"నారు ముదిరిపోతోందండీ."

"కప్పుల్లోకి మార్చి అరుగు మీద పెట్టు. పది రోజులు ఆగినా చలి ఎక్కడికీ పోదు."

ఈ నెలల్లో మనం పని చేయాల్సింది నీటి మీద. పెరటి అంచున వాలు చూసి జానెడు లోతు గాడి తీసి, దాన్ని వీధి కాలువలో కలపాలి. ఇక్కడే నాకు ఉక్రోషం వస్తుంది. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి మా వీధుల్లో పెరళ్లన్నీ పల్లమైపోయాయి. రోడ్డు ఎత్తు పెంచేటప్పుడు ఇళ్లలోంచి నీళ్లు పోయే దారి కూడా చూడాలని అడిగే హక్కు మనకుంది, అడగాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, మా వీధిలో గాడి తెరిచి ఉన్న పెరళ్లలో మొక్కలు తేరుకున్నాయి. మిగతా చోట్ల గోడ బలంగా ఉన్నకొద్దీ నీళ్లు లోపలే ఉండిపోయాయి.

నేల ఎప్పుడు సిద్ధమైందో పైపొర చెప్పదు. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కండి. వేలు దిగి ముద్దకు సొట్ట పడితే ఆగాలి. పొడిపొడిగా విడిపోతే ఆ రోజే పని మొదలుపెట్టాలి, రేగడిలో ఆ పదును ఎక్కువ రోజులు నిలవదు. అప్పుడు కూడా తిరగేయడం అక్కర్లేదు. ఫోర్కు గుచ్చి కాస్త కదిలించి వదిలేస్తే చాలు. ఈలోగా కాయ కోయడానికి లోపలికి వెళ్లాల్సి వస్తే చెక్క పరిచి దాని మీద నడవండి. తడి వదలని మూల చేమ, పొన్నగంటి వేసుకుంటే సరి.

జిగట పోవడానికి ఇసుక కలపమని చాలామంది చెబుతారు. తట్టెడు, రెండు తట్టల ఇసుక బంకమట్టిలో ఏ మూలకూ రాదు, ఎండాక ఇంకా గట్టిపడుతుంది. జిప్సం చౌడు నేలకు మందు. అక్కడ సోడియంను తోసేసి కాల్షియం చేరుతుంది. చౌడు లేని నేలకు దానితో పెద్దగా ఒరిగేది లేదు, మట్టి పరీక్ష చేయించుకోండి. బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు ఎరువు ఏటేటా పైన పరుస్తూ మళ్లు ఎత్తు చేసుకోవడమే నేను నమ్మిన దారి. పచ్చిపేడ మాత్రం ఈ తడిలో వద్దు, అది కుళ్లడానికే ఉన్న గాలంతా పోతుంది.

చలి దేశాల తోట పుస్తకాల్లో బంకనేలను శరత్కాలంలోనే తవ్వి వదిలేయమని ఉంటుంది. అక్కడ మట్టిలో నీరు గడ్డకట్టి, 9 శాతం దాకా ఉబ్బి, పెళ్లల్ని పిండి చేస్తుంది. మా గుంటూరు జిల్లాలో మంచు గడ్డకట్టదు. మనకు ఆ పని చేసిపెట్టేది వేసవి. ఏప్రిల్‌లో నెర్రెలు విచ్చినప్పుడు గాలి మూరెడు లోతుకు దిగుతుంది. అప్పుడు తవ్విన పెళ్ల రోహిణి ఎండకు కాగి, తొలకరి జల్లుకు తనంతట తానే చితుకుతుంది. జూన్‌లో ఆ మట్టిలో జీలుగ చల్లండి. నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది, పూతకు వచ్చినప్పుడు కోసి కలిపేస్తే వచ్చే కార్తీకానికి మీ మళ్లలో వానపాములు తిరుగుతుంటాయి. విత్తనం ఇప్పటినుంచే అడిగి పెట్టుకోండి, తొలకరికి దుకాణాల్లో దొరకదు.