వైరు ఎటు పోతుందో తెలిసిన పాదం

ట్రాల్ వల చివర చేపలు చేరే సంచి ఉంటుంది. దాని మూతికి వేసే ముడిని దగ్గరగా చూడండి. అంచు కన్నుల్లోంచి తాడు దూర్చి, మూతిని దగ్గరకు లాగి, ఒక మెలికలోంచి ఇంకో మెలిక తీస్తూ జడ అల్లినట్టు అల్లేస్తారు. రెండు మూడు గంటలు సముద్రం అడుగున ఈడ్చుకుపోయినా, వందల కిలోల చేప లోపలినుంచి తోసినా ఆ ముడి సడలదు. సంచి డెక్కు మీదకు లేచాక, పక్కకు తప్పుకుని నిలబడ్డ మనిషి తాడు కొసను ఒక్క లాగు లాగితే చాలు, మెలికలన్నీ వరసగా విడిపోయి చేపంతా కుప్పగా జారుతుంది. అంత బిగువునూ అంత సులువైన విడుపునూ ఒకే ముడిలో ఇమిడ్చిన చేయి కళాసీది.

విశాఖపట్నం చేపల రేవులో సోనా బోట్లు అని పిలిచే మరబోట్ల మీద ఈ పని చేసేవాళ్లే కళాసీలు. బోటుకు ఏడెనిమిది మంది. పది పదిహేను రోజుల వేట. పడవ కట్టే వడ్రంగి నేర్పు గురించి మనం విన్నాం, వల అల్లే చేతుల గురించి చదివాం. కళాసీ పేరు మాత్రం ప్రమాదం జరిగినప్పుడే పత్రికలో వస్తుంది. అతని పనిని పనితనంగా చూడటం మనకింకా అలవాటు కాలేదు. జాగ్రత్త అనేది ఆ పనికి పైనుంచి తగిలించిన నియమాల చిట్టా కాదు. మంచి కళాసీ పనిలో ఒడుపునూ జాగ్రత్తనూ విడదీసి చూపించలేం. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ పనిలోకి కొత్తవాళ్లు ఎలా వస్తారు? చాలామంది మావయ్య వెంటో, బావ వెంటో వస్తారు. బంధువులు లేనివాళ్లకు అనువైన కాలం ఒకటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు బోట్లు ఒడ్డుకెక్కుతాయి. రంగులు వేస్తారు, వలలు బాగుచేస్తారు, వైర్లు మారుస్తారు. ఆ రోజుల్లో జెట్టీకి వెళ్లి చేతి సాయం చేసే కుర్రాడు డ్రైవరు కంట్లో పడతాడు. తాడు చుట్టమంటే ఎలా చుట్టాడో, చెప్పిన మాట ఒకసారికే విన్నాడో లేదో డ్రైవరు చూస్తాడు. ఆ కుర్రాడికి కూడా బోటును చూసుకోవడానికి అదే మంచి సమయం. రిజిస్ట్రేషనూ లైసెన్సూ ఉన్నాయా, లైఫ్ జాకెట్లు మనుషులకు సరిపడా ఉన్నాయా, జీతమా వాటానా, వాటా అయితే డీజిలూ ఐసూ ఖర్చులు తీశాక ఎంత, ముందుగా ఇచ్చే అడ్వాన్సును ఎక్కడ రాస్తారు? ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. పద్దెనిమిది నిండకుండా మాత్రం ఎక్కొద్దు. పదో తరగతి పాసైనవాళ్లకు ఇంకో దారి ఉంది. కొచ్చి కేంద్రంగా నడిచే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖలో శాఖ ఉంది. చేపల ఓడలు నడిపే నావిగేటరు కోర్సు, ఇంజను పని నేర్పే మెరైన్ ఫిట్టరు కోర్సు ఆ సంస్థవే.

బోటెక్కిన కొత్తవాడికి ముందు దొరికేది వంట, డెక్కు కడగడం, చేపలు ఏరడం. వీటిని చిన్న పనులనుకోకూడదు. చేప జిగురు మీద కాలు జారితే పట్టుకోవడానికి అడ్డు లేని చోట, కడిగిన డెక్కే మొదటి రక్షణ. కళాసీలు చాలామంది ఉత్త కాళ్లతోనే పనిచేస్తారు. బోటు ఏ పక్కకు ఒరగబోతోందో అరికాలికి ముందే తెలుస్తుందంటారు. లుంగీ బిగించి పైకి కడతారు, లేదా నిక్కరు వేస్తారు. వేలికి ఉంగరం ఉంచుకోరు. మొలలో కత్తి ఉంటుంది. తాడులో చెయ్యి చిక్కుకున్న క్షణంలో అదే అక్కరకొస్తుంది.

అసలు విద్య వల దింపేటప్పుడు కనిపిస్తుంది. ముందు సంచి, తర్వాత వల ఒళ్లు, తర్వాత రెక్కలు నీళ్లలోకి జారతాయి. ఆపైన వల నోరు తెరిచి ఉంచే రెండు బోర్డులు. ఇనుప అంచులున్న ఈ బరువైన చెక్కలు బోటు ఊగినప్పుడల్లా ఊగుతాయి. బోర్డుకూ బోటు అంచుకూ మధ్య చెయ్యి పడితే ఎముక మిగలదు. అనుభవం ఉన్న కళాసీ బోర్డును ఆపాలని చూడడు. అది తనంతట తాను దూరం జరిగే ఊపు కోసం కాచుకుని, అప్పుడే కొక్కెం విడుస్తాడు. ఆ అర క్షణం ఆగడం నేర్చుకోవడానికే ఏళ్లు పడతాయి.

తర్వాత వలను లాగే ఇనుప వైర్లు. నీటి లోతుకు నాలుగైదు రెట్లు వైరు వదలాలి. ఇరవై బారల లోతుంటే ఎనభై నుంచి వంద బారలు. రెండు వైర్లూ సమంగా దిగకపోతే వల ఒక పక్కకు లాగేస్తుంది. అందుకే వైరు పొడవునా దూరం దూరంగా గుర్తులు కట్టి ఉంటాయి. వైరు చుట్టే యంత్రమైన వించి దగ్గర ఇద్దరు కళాసీలు ఆ గుర్తులు చూసుకుంటూ, బ్రేకు సడలిస్తూ బిగిస్తూ, రెండు డ్రమ్ములనూ జోడెద్దుల్లా నడిపిస్తారు. ఒకరినొకరు కేకేసుకోవాల్సిన పని కూడా తక్కువే.

బిగిసిన వైరు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బ ఎటు వస్తుందో వైరు సాగిన గీతను బట్టే ఊహించవచ్చు. కాబట్టి పాతవాళ్లు ఆ గీతలో నిలబడరు. వైరు మీదుగా దాటరు, డెక్కు మీద చుట్టగా పడి ఉన్న తాడు మధ్యలో అడుగు పెట్టరు. కొత్తవాడు పెడితే వెంటనే కేక పడుతుంది: "తాడు మద్దిలో కాలెట్టకురా!" ఆ చుట్ట బిగుసుకున్నప్పుడు కాలు లోపలుంటే మనిషి కూడా వలతో పాటే వెళతాడు. వైరు పాతబడితే తీగలు తెగి ముళ్లలా లేస్తాయి. తిరిగే డ్రమ్ము దగ్గర వదులు చేతితొడుగు వేసుకుంటే ఆ ముల్లు గుడ్డను పట్టుకుని చేతిని లోపలికి లాగుతుంది. డ్రమ్ము మీద వైరు వరస తప్పిందని, తిరుగుతుండగానే చేత్తో సర్దబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి రేవులోనూ ఉన్నారు. వించి ఆపడానికి పట్టేది కొన్ని సెకన్లే.

చేప కుప్ప ముందు కూర్చుంటే అది వేరే రకం నేర్పు. రొయ్యలు, చందువలు, కానాగడతలు, సవడాలు వేగంగా విడిపోతుంటాయి. కానీ వేళ్లు కుప్పలోకి నేరుగా దూరవు. చిన్న చెక్కతో ముందు పరచి చూస్తాయి. జెల్ల ముల్లు, టేకు తోక ముల్లు, అప్పుడప్పుడూ సముద్రపు పాము ఉంటాయక్కడ. టేకు ముల్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడినీళ్లలో ఆ చోటు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పాము కాటుకు మాత్రం మొదట నొప్పి అంతగా ఉండకపోవచ్చు. అందుకని వదిలేయకూడదు. వెంటనే ఒడ్డుకు కబురు పంపి ఆసుపత్రికి తిరగాల్సిందే.

మూసి ఉన్న చేపల గదిలో చేపా మురుగునీరూ కుళ్లితే విషవాయువు చేరుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. మూత తీసి గాలి ఆడనిచ్చాకే దిగాలి. ఒకరు లోపల పడిపోతే రక్షించాలని ఇంకొకరు దూకకూడదు. ఇలాంటి చోట్ల ఒకరి వెంట ఒకరు పోయిన ప్రమాదాలు మన దేశంలోనే జరిగాయి.

పంకాకు వల చుట్టుకుంటే కోయడానికి ఒకరు నీళ్లలోకి దిగాలి. అప్పుడు ఇంజను పూర్తిగా ఆగి ఉండాలి. స్టార్టు చేసే చోట ఎవరూ చెయ్యి వేయకుండా ఒక మనిషి కాపలా కూర్చోవాలి. మంచి డ్రైవరు ఆ కాపలా పని తానే చేస్తాడు.

రాత్రి ట్రాలింగు చేసే బోటుకు పచ్చ దీపం, దాని కింద తెల్ల దీపం వెలగాలి. పెద్ద ఓడలు వాటిని చూసే తప్పుకుంటాయి. అలసిపోయిన కళాసీ ఒంటరిగా బోటు అంచుకు వెళ్లినప్పుడు పడిపోవడం చాలా మామూలు ప్రమాదం. ఎవరికీ తెలియకపోవడమే అసలు చావు. ఒకరిని లేపి చెప్పి వెళ్లడంలో సిగ్గేమీ లేదు. మనిషి పడితే ఒకరు తేలేది విసరాలి, ఇంకొకరు చూపు తిప్పకుండా అతనివైపు వేలు చూపిస్తూనే ఉండాలి. కెరటాల మధ్య తల క్షణంలో మాయమవుతుంది. కోస్ట్ గార్డు నంబరు 1554 ప్రతివాడికీ నోటికి రావాలి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది. మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల వరకు. ప్రీమియం మత్స్యకారుడు కట్టనక్కర్లేదు, పేరు నమోదై ఉండాలి అంతే. బోటెక్కే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో ఆ పేరు చూసుకోండి.

యజమానులకు ఒక విన్నపం. నిషేధం రోజుల్లో బోటుకు రంగులు వేయించేటప్పుడే వించికి ఇనుప కవచం పెట్టించండి. తీగలు లేచిన వైరు మార్చండి. వేసుకుని పని చేయగలిగేంత పలచని లైఫ్ జాకెట్లు కొనండి. జూన్ 15న రేవు దాటే ప్రతి కళాసీకి అవి అందాలి.